అలీ: హాస్యనటుడి నుంచి ముఖాముఖి వ్యాఖ్యాత దాకా

అలీ తెలుగు సినిమా హాస్యనటుడు, టెలివిజన్ వ్యాఖ్యాత. పుట్టింది రాజమహేంద్రవరంలో. బాలనటుడిగా 1979 ప్రాంతంలో తెర మీదికి వచ్చారు. 1990లలో హాస్యనటుడిగా, ఆ వెంటనే కథానాయకుడిగా పేరు తెచ్చుకున్నారు. 2016 నుంచి 2022 దాకా ఈటీవీలో ‘అలీతో సరదాగా’ అనే ముఖాముఖి కార్యక్రమం నడిపారు. తెరమీద నవ్వించినవాడు ఎదుటివాడి జీవితాన్ని వినే కుర్చీలోకి మారడం తెలుగు టీవీలో ఎలా జరిగిందో తెలుసుకోవాలంటే ముందుగా చెప్పుకోవలసిన పేరు ఆయనదే. అయితే ఈ పనికి మన దగ్గర టీవీ కంటే చాలా పాత పునాది ఉంది. ఆ పునాది బలంగా కనిపించే చోట్లలో ఒకటి గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ ప్రాంతం. అందుకే ఈ వ్యాసం అలీ దగ్గర మొదలై పాలమూరు (పాత మహబూబ్‌నగర్ జిల్లా) దాకా వెళుతుంది.

రాజమండ్రి నుంచి మద్రాసుకు

అలీది దర్జీ కుటుంబం. చిన్నప్పుడే పాటలకు గెంతులు వేస్తూ, సినిమా నటులను అనుకరిస్తూ ఊళ్లో అందరి కళ్లలో పడ్డారు. రాజమండ్రి సంగీత కళాకారుడు జిత్ మోహన్ మిత్ర ఆ పిల్లవాడిని చేరదీశారు. గోదావరి ఒడ్డున షూటింగులు ముమ్మరంగా సాగుతున్న రోజులవి. సినిమా వాళ్ల కంట పడటానికి రాజమండ్రి కుర్రాడికి మద్రాసు రైలెక్కాల్సిన అవసరం ఉండేది కాదు. అలీకి తొలి అవకాశాలు అలాగే వచ్చాయి. తమ్ముడు ఖయ్యూం కూడా తరువాత నటుడయ్యారు.

బాలనటుడిగా ఆయనకు గుర్తింపు తెచ్చింది 1981 నాటి ‘సీతాకోకచిలుక’. భారతీరాజా దర్శకత్వంలో వచ్చిన ఈ సినిమాకు ఉత్తమ తెలుగు చిత్రంగా జాతీయ పురస్కారం దక్కింది. దాంతో అలీ మద్రాసులో స్థిరపడ్డారు. బడిలో గడపాల్సిన వయసు స్టూడియోల్లో గడిచింది. పెద్ద నటుల పక్కన నిలబడి, వాళ్ల అలవాట్లు, కోపతాపాలు, అన్నం తినే వేళలు చూస్తూ పెరిగారు. ముప్పై అయిదేళ్ల తరువాత ఆ నటుల్లో కొందరు ఆయన ఎదుట కూర్చుని తమ కథ చెప్పుకున్నారు. టాక్ షో వ్యాఖ్యాతగా ఆయన పెట్టుబడి ఆ బాల్యమే. ఎవరో రాసిచ్చిన కాగితం చూసి అడిగే ప్రశ్న వేరు, ఆనాడు ఆ సెట్లో ఉన్నవాడు అడిగే ప్రశ్న వేరు.

బాలనటులకు గొంతు మారే వయసు గండం లాంటిది. పిల్లల వేషాలకు పెద్దవాడు, పెద్దల వేషాలకు చిన్నవాడు. అలీ కూడా ఆ ఖాళీ రోజులు చూశారు. అందులోంచి బయటపడేసినవి ఎస్.వి. కృష్ణారెడ్డి సినిమాలు.

హాస్యనటుడిగా, కథానాయకుడిగా

1993లో వచ్చిన ‘రాజేంద్రుడు గజేంద్రుడు’ ఎస్.వి. కృష్ణారెడ్డికి దర్శకుడిగా మొదటి సినిమా. మలయాళం వాసన తగిలించి అర్థం లేని మాటలను అర్థం ఉన్నట్టు పలికే అలీ పద్ధతి ఆ రోజుల్లోనే జనం నోళ్లలో పడింది. ‘ఎంద చాట’ అని అనని కాలేజీ కుర్రాడు ఆ ఏళ్లలో అరుదు. మరుసటి ఏడు, 1994లో, అదే దర్శకుడు ‘యమలీల’లో అలీని కథానాయకుడిని చేశారు. యముడి దగ్గర నుంచి జారి భూలోకంలో పడిన భవిష్యవాణి గ్రంథం ఒక అల్లరి దొంగ చేతికి చిక్కుతుంది. దాంతో డబ్బు సంపాదించిన కుర్రాడు, తల్లి ఆయువు సంగతి కూడా అందులోనే చదువుతాడు. యముడిగా కైకాల సత్యనారాయణ, చిత్రగుప్తుడిగా బ్రహ్మానందం, తల్లిగా మంజుభార్గవి, కథానాయికగా ఇంద్రజ. తోటరాముడిగా తనికెళ్ల భరణి ఒక పక్క కడుపుబ్బ నవ్విస్తుంటే, తల్లీకొడుకుల కథ ఇంకో పక్క కంట తడి పెట్టించింది. సినిమా ఘనవిజయం సాధించింది.

నవ్వుకూ కన్నీటికీ మధ్య అంత తొందరగా అటూ ఇటూ దాటగల నటుడని ‘యమలీల’ చూపించింది. ఆయన తరువాతి టీవీ కార్యక్రమానికి అసలు బలం ఇదే. 1995లో ‘ఘటోత్కచుడు’ వచ్చింది. 1996లో సానా యాదిరెడ్డి తీసిన ‘పిట్టలదొర’లో అలీయే కథానాయకుడు. ఆ పేరు సంగతి పాలమూరు దగ్గర మళ్లీ వస్తుంది.

కథానాయకుడి వేషాలు తగ్గాక ఆయన వెనక్కి తగ్గలేదు. మళ్లీ హాస్య పాత్రల్లోకి వచ్చి ఇంకా పెద్ద నటుడయ్యారు. ‘తొలిప్రేమ’, ‘తమ్ముడు’, ‘బద్రి’, ‘ఖుషి’ మొదలుకొని పవన్ కల్యాణ్ సినిమాల్లో చాలాకాలం ఆయన తప్పనిసరి. పూరి జగన్నాథ్ ఆయనకు మరో రకం హాస్యం రాశారు. 2006 నాటి ‘పోకిరి’లో బిచ్చగాళ్ల నాయకుడిగా బ్రహ్మానందాన్ని వెంటాడే ఘట్టం ఇప్పటికీ ఫోన్ల నుంచి ఫోన్లకు పాకుతూనే ఉంది. భాషలన్నీ కలిపి వెయ్యికి పైగా సినిమాల్లో నటించినట్టు చెబుతారు. 2019లో ‘ది లయన్ కింగ్’ తెలుగు అనువాదంలో టిమోన్‌కు అలీ, పుంబాకు బ్రహ్మానందం గొంతు ఇచ్చారు. పాత జంట తెరమీద కనబడకుండానే థియేటర్లను నవ్వించింది.

ఈ కాలంలో ఒక మచ్చ కూడా ఉంది. సినిమా వేడుకల వేదికల మీద నటీమణుల గురించి ఆయన వేసిన కొన్ని జోకులు హద్దు దాటాయని విమర్శలు వచ్చాయి. ఆ విమర్శ న్యాయమైనదే. వేదిక మీద మైకు చేతిలో ఉన్నవాడు ఎదుటి మనిషి ఇబ్బందిని నవ్వుగా మార్చడం హాస్యం కిందికి రాదు. ‘సరదాగా’ కుర్చీలోని అలీ ఆ వేదికల మీది అలీ కంటే చాలా మెత్తని మనిషి.

‘అలీతో సరదాగా’

హైదరాబాద్ దూరదర్శన్ 1977లో మొదలైంది. 1995లో ఈటీవీ వచ్చాక తెలుగు టీవీకి వినోదం ప్రధానమైంది. తారలతో ముఖాముఖిలు మొదటినుంచీ ఉన్నాయి గానీ వాటిని ఎక్కువగా విలేకరులో యాంకర్లో నడిపేవారు. ఏబీఎన్ ఆంధ్రజ్యోతిలో వేమూరి రాధాకృష్ణ ‘ఓపెన్ హార్ట్ విత్ ఆర్కే’తో పత్రికాధిపతే కుర్చీలో కూర్చునే పద్ధతి తెచ్చారు. ఈటీవీలోనే 2013లో మొదలైన ‘జబర్దస్త్’ హాస్యానికి ఇంటింటా గిరాకీ పెంచింది. ఒక వైపు నిలదీసే ముఖాముఖి, ఇంకో వైపు గొల్లుమనిపించే స్కిట్టు. రెంటికీ నడుమ ఖాళీ చోటు ఉంది. అలీ వచ్చి కూర్చున్నది అక్కడే.

అంతకు ముందే ఆయన ‘అలీ 369’ లాంటి ఆటల కార్యక్రమాలకు వ్యాఖ్యాతగా పనిచేశారు. 2016లో ‘అలీతో సరదాగా’ మొదలైంది. సోమవారం రాత్రి ప్రసారం, ఆ వెంటనే యూట్యూబ్. ఇద్దరు మనుషులు ఎదురెదురుగా కూర్చోవడం, మాట్లాడుకోవడం. అంతకు మించి హంగులేమీ లేవు.

సంభాషణ నడిచే తీరు ఒకసారి దగ్గరగా చూడాలి. మొదట సొంత ఊరు, అసలు పేరు. తరువాత అమ్మానాన్నలు, ఎంతమంది సంతానం, ఇంట్లో సినిమాకు ఒప్పుకున్నారా లేదా. మొదటి వేషం ఎవరిచ్చారు, మొదటి పారితోషికం ఎంత, ఆ డబ్బు ఏం చేశారు. ఇక్కడి దాకా ప్రతి పెళ్లి పందిట్లో వినిపించే పరామర్శే. అతిథి భుజాలు సడలుతాయి. అప్పుడు పక్కనే ఉన్న తెర మీద ఒక పాత ఫొటో పడుతుంది. ఎప్పుడో పోయిన మనిషి ఫొటో కావచ్చు, మాటలు మానేసిన స్నేహితుడిది కావచ్చు. అలీ గొంతు ఒక మెట్టు దిగుతుంది. ‘అప్పట్లో ఇలా అనుకునేవారు, నిజమేనా?’ అని నిందను తనది కాకుండా, లోకానిదిగా ముందు పెడతారు. జవాబు వచ్చాక వెంటనే అందుకోరు. రెండు క్షణాలు ఆగుతారు. అసలు మాట సాధారణంగా ఆ ఆగడంలోనే బయటకు వస్తుంది. కళ్లు చెమర్చాక ఇంకా తవ్వరు. షూటింగు రోజుల తుంటరి సంగతి ఒకటి ఎత్తి మనిషిని మళ్లీ ఒడ్డున పడేస్తారు.

ఆ ఆగడం హాస్యనటుడి విద్య. ఎదుటివాడి మాట ఎక్కడ ముగుస్తుందో, ఎక్కడ అందుకుంటే నవ్వు పండుతుందో, ఎక్కడ అందుకుంటే చెడిపోతుందో లెక్క తెలిస్తేనే హాస్యం పండుతుంది. విలేకరికి తరువాతి ప్రశ్న తొందర ఉంటుంది. యాంకర్‌కు నిశ్శబ్దమంటే భయం. ఏళ్ల తరబడి టైమింగ్ మీద బతికిన నటుడికి ఆ భయం ఉండదు. పైగా అక్కా, అన్నా, గురువుగారూ అని పిలిచే చనువు ఆయనకు నిజంగానే ఉంది. అవతలివాళ్లు ‘ఒరేయ్ అలీ’ అనగలిగిన వయసువాళ్లు. అలా పిలవగలిగినప్పుడు కెమెరా ఉన్న సంగతి మనిషి మరిచిపోతాడు.

ఈ కార్యక్రమానికి వచ్చినవాళ్లలో జయప్రద, బ్రహ్మానందం, అల్లు అరవింద్ లాంటి ప్రముఖులు ఉన్నారు. శకీలా లాంటివాళ్లూ ఉన్నారు. లోకం ఆమెను ఒకే కంటితో చూసింది. ఆ కుర్చీలో ఆమె ఒక ఇంటి భారం మోసిన మనిషిగా, తోబుట్టువుల కోసం పనిచేసిన మనిషిగా మాట్లాడగలిగారు. అయితే కార్యక్రమానికి నిజమైన విలువ తెచ్చింది మూడో వరుస అతిథులు. ఇరవై ఏళ్ల క్రితం ప్రతి సినిమాలో కనిపించి, ఇప్పుడు పిలుపుల్లేక ఇంట్లో ఉన్న అక్కలు, వదినలు, విలన్ పక్కన నిలబడే మనుషులు. పేరు గుర్తుకు రాదు, మొహం మాత్రం అందరికీ తెలుసు. తెలుగు సినిమా చరిత్ర రాసేవాళ్లు ఇలాంటి నటులకు ఒక్క పేరా కూడా ఇవ్వరు. మద్రాసు నుంచి హైదరాబాద్‌కు పరిశ్రమ తరలినప్పుడు ఎవరు నిలిచారు, ఎవరు మిగిలిపోయారు, రోజు కూలీ ఎంత, అద్దె ఇల్లు ఎక్కడ అన్న సంగతులు ఈ ముఖాముఖిల్లో వాళ్ల నోటి మాటగా నిలిచిపోయాయి. రేపటి పరిశోధకుడికి ఇవి ఆధారాలు.

లోపాలు లేకపోలేదు. ప్రోమో కోతలో కన్నీళ్లు ముందుకు, సందర్భం వెనక్కు వెళ్లేవి. వారం ముందే ఏడుపు ముక్క ఒక్కటే బయటకు వచ్చి, యూట్యూబ్ శీర్షికల్లో నానా రకాలుగా తిరిగేది. తీరా పూర్తి భాగం చూస్తే అది గౌరవంగా సాగిన సంభాషణే అయ్యేది. కష్టాన్ని సరుకుగా అమ్మే ఈ అలవాటు కార్యక్రమానికి మేలు చేయలేదు. రెండో లోపం ఇంకా పెద్దది. అతిథులు దాదాపు అందరూ సినిమా, టీవీ మనుషులే. రంగస్థలం, జానపదం, అవధానం, హరికథ ఆ గుమ్మం తొక్కింది తక్కువ.

2022 చివర ‘సరదాగా’ ముగిసింది. తరువాత ‘అలీతో ఆల్ ఇన్ వన్’ వచ్చింది. 2022లోనే ఆయన సొంత సంస్థ అలీవుడ్ తీసిన ‘అందరూ బాగుండాలి అందులో నేనుండాలి’ ఆహాలో విడుదలైంది. మలయాళ ‘వికృతి’కి అది తెలుగు రూపం. ఒక ఫొటో సామాజిక మాధ్యమాల్లో పాకి ఒక సామాన్యుడి బతుకును ఎలా తలకిందులు చేసిందన్నది కథ. రాజకీయాల్లో 2019 మార్చిలో వైఎస్సార్ కాంగ్రెస్‌లో చేరి, 2022లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వానికి ఎలక్ట్రానిక్ మీడియా సలహాదారుగా నియమితులై, 2024 జూన్‌లో పార్టీకీ రాజకీయాలకూ సెలవు చెప్పారు.

ఇతర చోట్ల

అమెరికాలో జానీ కార్సన్ 1962 నుంచి 1992 దాకా ముప్పై ఏళ్లు ‘ది టునైట్ షో’ నడిపి, హాస్యగాడే రాత్రి ముఖాముఖికి సహజ యజమాని అన్న సంప్రదాయం స్థిరపరిచారు. హిందీలో 1997లో శేఖర్ సుమన్ ‘మూవర్స్ అండ్ షేకర్స్’ ఆ దారినే వచ్చింది. 2013లో కపిల్ శర్మ దాన్ని కుటుంబ హాస్యంగా మార్చి, కలర్స్ నుంచి సోనీకి, 2024లో నెట్‌ఫ్లిక్స్‌కు తీసుకెళ్లారు. వీళ్ల దగ్గర అతిథి నవ్వులకు సందర్భం మాత్రమే. అలీ దగ్గర నవ్వు అతిథిని మాట్లాడించే సాధనం. ఈ తేడా చిన్నది కాదు. తెలుగులో తరువాత అగ్రనటులు కూడా ఈ కుర్చీ ఎక్కారు. 2017లో రానా ‘నంబర్ వన్ యారి’, 2021 నవంబరులో ఆహాలో బాలకృష్ణ ‘అన్‌స్టాపబుల్’ వచ్చాయి. వాటిలో ఆర్భాటం ఎక్కువ. అతిథి కంటే ఆతిథ్యం ఇచ్చేవాడే పెద్దగా కనిపిస్తాడు.

పాలమూరు: అప్రస్తుత ప్రసంగి, పిట్టలదొర

‘అలీతో సరదాగా’ మొదలైన 2016లోనే, అక్టోబరు 11న, పాత మహబూబ్‌నగర్ నుంచి జోగులాంబ గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాలు ఏర్పడ్డాయి. జిల్లాలుగా కొత్తవే గానీ, మాటకు మాట చెప్పి సభను నవ్వించే విద్యకు ఇవి పాత కాణాచులు. పండితులను ఆదరించినందుకు గద్వాల సంస్థానానికి విద్వద్గద్వాల అన్న పేరు వచ్చింది. వనపర్తి, జటప్రోలు సంస్థానాలు ఆ బాటలోనే నడిచాయి. అవధానాలకు పేరుపడ్డ తిరుపతి వేంకట కవులు గద్వాల, వనపర్తి ఆస్థానాలకు వచ్చారు.

అష్టావధానంలో అవధాని ఎదుట ప్రశ్నలడిగే ఎనిమిది మంది పృచ్ఛకులు కూర్చుంటారు. ఒకరు సమస్య ఇస్తారు, ఒకరు దత్తపది, ఒకరు నిషిద్ధాక్షరి. వారిలో ఒకరు అప్రస్తుత ప్రసంగి. అవధాని పద్యం కడుతుండగా మధ్యలో దూరి, పొంతన లేని కొంటె ప్రశ్న వేసి ఏకాగ్రత చెడగొట్టడం ఆయన పని. అవధాని చిరాకు పడకూడదు, జవాబు మానకూడదు, సభను నవ్వించి మళ్లీ పద్యంలోకి రావాలి. పండితుడిని కిందికి దించి మనిషిగా చూపించే ప్రశ్న అది. సభకు నవ్వు, అవధానికి ఊపిరి. అలీ తన అతిథులతో చేసిన పనికి మన సంప్రదాయంలో దీనికంటే దగ్గరి పూర్వరూపం లేదు.

ఇది దర్బారు సంగతి. ఊరి నడిబొడ్డున పిట్టలదొర ఉన్నాడు. తెలంగాణ పల్లెల్లో తుపాకి రాముడు అన్నా ఆయనే. ఖాకీ దుస్తులు, నెత్తిన టోపీ, భుజాన కట్టె తుపాకి. ఇంటి ముందు నిలబడి ఊపిరి తీసుకోకుండా కోతలు కోస్తాడు. దొరలకు దొరనంటాడు, అడిగినవాడికి ఊళ్లకు ఊళ్లు రాసిస్తానంటాడు, చివరికి దోసెడు బియ్యం అడుగుతాడు. ఆ అబద్ధాల మధ్య ఊరి పెద్ద పిసినారితనం, పట్వారీ లంచం, పోలీసు జులుం గురించి నిజాలు దొర్లిపోతాయి. ఎవరికీ కోపం రాదు, ఎందుకంటే అన్నది పిట్టలదొర. అధికారం గురించి మాట్లాడే ఆ స్వేచ్ఛను సమాజం హాస్యగాడికి ఇష్టపూర్వకంగా ఇచ్చింది. అలీ 1996లో ఆ పేరుతోనే సినిమా చేశారు.

యాస కుర్చీ ఎక్కిన వేళ

పిట్టలదొర వారసుడు టీవీలోకి రావడానికి చాలాకాలం పట్టింది. అంతదాకా తెలుగు సినిమాలో తెలంగాణ మాట ఎక్కువగా దుష్టపాత్రకో జోకుకో పరిమితం. 1985లో ‘ప్రతిఘటన’లో కోట శ్రీనివాసరావు పలికిన తెలంగాణ యాస గొప్ప నటనే, కాని అదీ ప్రతినాయకుడి నోటి మాటే. 2012లో వచ్చిన వీ6 చానల్ ‘తీన్మార్ వార్తలు’తో ఈ లెక్క మార్చింది. చేవెళ్ల మండలం పామెనకు చెందిన మిమిక్రీ కళాకారుడు రవికుమార్ అందులో బిత్తిరి సత్తిగా అవతరించారు. సావిత్రి పాత్రలో శివజ్యోతి. వాళ్లిద్దరూ వార్తను పక్కింటి అరుగు మీది ముచ్చటగా మార్చారు. తరువాత సత్తి టీవీ9లో, సాక్షిలో కార్యక్రమాలు నడిపి, సినిమా తారలను తన ధోరణిలో ఇంటర్వ్యూ చేసే దాకా వచ్చారు. హాస్యగాడు ముఖాముఖి కుర్చీకి చేరిన రెండో దారి ఇది. 2019లో ఆయన కథానాయకుడిగా వచ్చిన సినిమా పేరు ‘తుపాకి రాముడు’. అలీ ‘పిట్టలదొర’, సత్తి ‘తుపాకి రాముడు’. ఒక రాజమండ్రి నటుడు, ఒక చేవెళ్ల కళాకారుడు ఇరవై మూడేళ్ల ఎడంతో ఒకే జానపద వేషం పేరు పెట్టుకున్న సినిమాల్లో నటించారు.

వీరిద్దరిలో ఎక్కువ లోతు అలీది, ఎక్కువ ధైర్యం సత్తిది. సత్తి ముందు అతిథి తన గంభీరత వదిలేస్తాడు గానీ, తన జీవితం చెప్పడు. ఆ రెండూ ఒకే కుర్చీలో కలిసిన కార్యక్రమం తెలుగులో ఇంకా రావలసి ఉంది.

అది వస్తే పాలమూరులో అతిథులకు కొదవ లేదు. కృష్ణా తుంగభద్రల మధ్య ఉన్న నడిగడ్డ మాటలో కన్నడం తొంగిచూస్తుంది, కర్నూలు పలుకుబడి కలుస్తుంది. వనపర్తి, నాగర్‌కర్నూల్ వైపు వెళితే ఆ మాటే ఇంకో రాగం తీస్తుంది. నాగర్‌కర్నూల్ జిల్లా గౌరారం నుంచి వచ్చిన గోరటి వెంకన్న పాటగాడిగా ఎంత గొప్పవారో ముచ్చట చెప్పడంలోనూ అంతే. ‘వల్లంకి తాళం’కు 2021 సాహిత్య అకాడెమీ పురస్కారం అందుకున్నారు. అదే జిల్లా లింగాల మండలం అవుసలికుంటకు చెందిన దర్శనం మొగిలయ్య పన్నెండు మెట్ల కిన్నెర మీద వీరుల కథలు పాడారు. ‘భీమ్లా నాయక్’ పాటతో ఆయన గొంతు లోకమంతా విన్నది, 2022లో పద్మశ్రీ వచ్చింది. పాట విన్నవాళ్లు కోట్లలో ఉన్నారు. ఆ కిన్నెర ఎవరి దగ్గర నేర్చుకున్నావు, ఏ ఊళ్లో ఎవరు గింజలు పెట్టారు, ఎవరు తలుపేశారు అని తీరిగ్గా, నవ్విస్తూ అడిగి విన్నవాళ్లు చాలా తక్కువ.

పెద్ద చానళ్ల పిలుపు కోసం ఆగనక్కరలేదు. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ కాలేజీల్లో మిమిక్రీ చేసి తోటివాళ్లను నవ్వించే పిల్లలు ప్రతి తరగతిలో ఉన్నారు, చేతిలో కెమెరా ఉన్న ఫోన్ ఉంది. ఊళ్లో మిగిలిన బుర్రకథ తాత, యక్షగానం వేసిన పెద్దమనిషి, పిట్టలదొర వేషం కట్టిన ముసలాయన ఎదుట ఒక గంట కూర్చోండి. మొదట సొంత ఊరు, అసలు పేరు అడగండి. జవాబు చెప్పాక రెండు క్షణాలు ఆగండి. ఈ ఏడాదే మొదలుపెట్టండి, వాళ్లు ఇంకా ఉన్నారు.